కిక్రి ఎవరిది సార్?

భోపాల్‌లో మేం చాలా ఏళ్లు ఉన్నాం. మా ఆయనకు బీహెచ్‌ఈఎల్‌లో ఉద్యోగం, ఇల్లు పిప్లానీ క్వార్టర్స్‌లో. చుట్టుపక్కల తెలుగువాళ్లు బాగానే ఉండేవారు కాబట్టి ఉగాదికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందో, ఆవకాయకు ఏ మిల్లులో కారం ఆడించాలో ఎవరో ఒకరు చెప్పేవారు. ఆ ఊళ్లో చెరువులు అందం, చలికాలం ఇంకా అందం. అయినా ఇప్పుడు భోపాల్ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది శ్యామలా హిల్స్ మీద ఉన్న ట్రైబల్ మ్యూజియం. అందులోనూ, నాన్న మా దగ్గరికి వచ్చిన వేసవిలో అక్కడ గడిపిన ఒక జూన్ సాయంత్రం.

ముందు నాన్న గురించి చెప్పాలి. ఆయన ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో టీచరుగా పనిచేశారు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఆయన తిరగని దారి లేదు. గోండి మాట్లాడేవారు. మేం చిన్నప్పుడు పుష్యమాసం అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు తీసుకెళ్లేవారు. మెస్రం వంశం వాళ్లు కాలినడకన వెళ్లి గోదావరి నీళ్లు తెచ్చి నాగోబాకు అభిషేకం చేస్తారు. ఎడ్లబండ్ల మధ్య చలిమంటలు, ఆ మంటల పక్కన ప్రధాన్లు కూర్చుని కిక్రి వాయిస్తూ పాడే కథలు, అవి వింటూనే నిద్రపోయేదాన్ని. కిక్రి అంటే కమానుతో వాయించే మూడు తీగల వాయిద్యం. ప్రధాన్లు గోండులకు కథకులు. ఏ గోత్రం ఎక్కడ పుట్టింది, ఏ దేవుడు ఎవరికి దక్కాడు, గుహలో బందీలైన గోండు దేవతలను వాళ్ల ఆదిగురువు లింగో ఎలా విడిపించాడు, ఇవన్నీ వాళ్ల పాటల్లోనే ఉంటాయి. "ప్రధాన్ వచ్చి పాడితే గాని గోండు ఇంట్లో దేవుడి పని పూర్తికాదమ్మా" అనేవారు నాన్న.

ఆయన ఒక సంగతి పదేపదే చెప్పేవారు. ఎనభైల్లో ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లల్ని పట్నం తీసుకెళ్లి ఒక మ్యూజియం చూపించారట. అక్కడ అద్దాల పెట్టెలో ఒక కిక్రి ఉంది. కింద చీటీ మీద "గిరిజన సంగీత వాయిద్యం" అని మాత్రం రాసుంది. పిల్లల్లో ఒక ప్రధాన్ కుర్రాడు ఆ అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూశాడట. "ఇది ఎవరిది సార్?" అని అడిగాడట. వాళ్ల ఊళ్లో ప్రతి కిక్రికీ ఒక ఇల్లుంటుంది, తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఎవరిదో తెలియని కిక్రి ఎలా ఉంటుందో ఆ పిల్లాడికి అర్థం కాలేదు. నాన్న అక్కడి ఉద్యోగిని అడిగితే ఆయనకూ తెలియదట. ఈ మాట చెప్పినప్పుడల్లా నాన్న గొంతులో బాధ వినిపించేది. వాయించినవాడి పేరు లేదు, చెక్కినవాడి పేరు లేదు, ఊరు పేరు కూడా లేదు.

అలాంటి మనిషిని భోపాల్ తీసుకొస్తే ఏం చూపించాలి? నాకైతే అనుమానమే లేదు.

భోపాల్‌కు ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. పెద్ద చెరువు ఒడ్డున చార్లెస్ కొరియా కట్టిన భారత్ భవన్ 1982 ఫిబ్రవరి 13న మొదలైంది. అందులో చిత్రకళా విభాగం రూపంకర్. దాని బాధ్యత తీసుకున్న చిత్రకారుడు జె.స్వామినాథన్‌కు ఒక గట్టి నమ్మకం ఉండేది. ఢిల్లీలోనో బొంబాయిలోనో కాన్వాస్ మీద బొమ్మ వేసేవాడు ఎంత ఇప్పటివాడో, అడవి పక్క ఊళ్లో మట్టిగోడ మీద బొమ్మ వేసేవాడూ అంతే ఇప్పటివాడు అని. అందుకే ఇద్దరి బొమ్మలకూ ఒకే కప్పు కింద చోటిచ్చాడు. కుర్ర చిత్రకారుల్ని ఊళ్ల మీదకు పంపాడు. అలా వెళ్లినవాళ్లకు పాటన్‌గఢ్ అనే ఊళ్లో, ఇప్పుడది డిండోరీ జిల్లా, ఒక ఇంటి గోడ మీద హనుమంతుడి బొమ్మ కనిపించింది. వేసినవాడు ప్రధాన్ గోండు కుర్రాడు, జంగఢ్ సింగ్ శ్యామ్. అతన్ని భోపాల్ తీసుకొచ్చారు. కాగితం, రంగులు ఇచ్చారు.

ప్రధాన్ అని చదవగానే మీకూ తెలిసిపోయి ఉంటుంది. మన కేస్లాపూర్‌లో కిక్రి పట్టుకున్నవాళ్లూ, అక్కడ నర్మద ఎగువన కిక్రి లాంటిదే అయిన బానా పట్టుకున్నవాళ్లూ ఒకే పని చేసే జనం. గోండుల పెద్ద దేవుడు బడాదేవ్ సాజా చెట్టులో ఉంటాడని అక్కడి నమ్మకం. సాజా అంటే మన నల్లమద్ది. అలిగిన బడాదేవ్‌ను అన్నదమ్ముల్లో చిన్నవాడు బానా వాయించి ప్రసన్నం చేసుకున్నాడనీ, ప్రధాన్లు ఆ చిన్నవాడి సంతతేననీ కథ. రాజ్యాలు పోయి, ఇచ్చే గోండు దొరల చేతిలోనే ఏమీ లేకుండా పోయాక పాట తిండి పెట్టలేదు. జంగఢ్ చేతుల్లో ఆ పాటే బొమ్మగా మారింది. పాటలో వినడమే తప్ప ఎవరూ గీయని దేవతలకు అతను రూపం ఇచ్చాడు. ఒంటిమీది పచ్చబొట్ల చుక్కల్ని కాగితం మీదకు తెచ్చాడు. జింక కొమ్ములు చెట్ల కొమ్మలైపోతాయి అతని బొమ్మల్లో. 1989లో పారిస్‌లో పాంపిడూ సెంటర్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో అతని పని ఉంది. భోపాల్ విధానసభ భవనం గోడల మీదా ఉంది. ఊరి నుంచి తమ్ముళ్లను, మేనల్లుళ్లను, బంధువులను పిలిపించుకుని ఇంట్లో పెట్టుకుని నేర్పాడు. ఆ పద్ధతికి ఇప్పుడు 'జంగఢ్ కలమ్' అనే పేరే స్థిరపడింది. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియంలో పనిచేయడానికి వెళ్లి అక్కడే ప్రాణం తీసుకున్నాడు. నలభైకి అటూ ఇటూ వయసు. ఆ సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

భూరీబాయి కథ నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. ఝాబువా వైపు పిటోల్ ఊరి భీల్ అమ్మాయి. కూలి పనికి భోపాల్ వచ్చింది. వచ్చి మోసింది ఏ ఇటుకలనుకున్నారు? భారత్ భవన్ కడుతున్నప్పటి ఇటుకలే. మీ ఇళ్లలో వేసే బొమ్మలు వేసి చూపించమని స్వామినాథన్ అడిగాడు. కూర్చుని బొమ్మలు వేస్తే తట్ట మోసినదానికంటే ఎక్కువ డబ్బు ఎందుకిస్తారో ఆమెకు అప్పుడు అర్థం కాలేదట. భీలుల్లో పిఠోరా దేవుడి గుర్రాలు గోడ మీద వేయడం మగవాళ్ల పని, ఆడవాళ్లు వేయకూడదు. ఆమె తనకంటూ వేరే దారి వేసుకుంది, చెట్లు, నెమళ్లు, పెళ్లిళ్లు, తర్వాత్తర్వాత విమానాలు, బస్సులు. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ట్రైబల్ మ్యూజియంలో ఒక పొడవాటి గోడంతా ఆమె సొంత జీవిత కథ ఉంది, ఆమె చేత్తోనే వేసింది. ఆ గోడ ముందు నేను ఎన్నిసార్లు నిలబడ్డానో. తట్ట మోస్తున్న చిన్న ఆడమనిషి బొమ్మ దగ్గర ప్రతిసారీ కాళ్లు ఆగిపోయేవి.

ఇక ఆ మ్యూజియం. 2013 జూన్ 6న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించారు. భవనం రూపశిల్పి రేవతీ కామత్. ఆవిడ ఇప్పుడు లేరు. గోండు, భీల్, బైగా, కోర్కూ, కోల్, భారియా, సహరియా, ఈ ఏడు తెగల జీవితం అక్కడ ఉంది. మిగతా మ్యూజియాలకూ దీనికీ తేడా ఏమిటంటే ఇక్కడ ఊళ్ల నుంచి పాత సామాన్లు పట్టుకొచ్చి అద్దాల వెనక పెట్టలేదు. ఆదివాసులే వచ్చి, ఇక్కడే ఉండి, తమ చేతులతో ఇవన్నీ కట్టారు. ఇళ్లు కట్టారు, అలికారు, దేవతల చోట్లు నిలబెట్టారు. వెదురుతో పెద్ద ఎత్తున కట్టిన బాసిన్ కన్య కథ ఉంది. అన్నలకు కూర వండుతూ చెల్లెలు వేలు కోసుకుంది. ఆ నెత్తురు కలిసిన కూర రుచి మరిగి అన్నలు ఆమెనే చంపారు. చిన్నన్న మాత్రం తన వాటా తినలేక భూమిలో పాతిపెట్టాడు. అక్కడ మొలిచిందే వెదురు. మా అమ్మాయి చిన్నప్పుడు ఈ కథ విని రాత్రంతా నన్ను పట్టుకుని పడుకుంది.

జూన్ 6 వార్షికోత్సవం. ఆ రోజుల్లో కొన్ని సాయంత్రాలు వరసగా కార్యక్రమాలుంటాయి. కరోనా తగ్గాక వచ్చిన ఒక వేసవిలో నాన్న మా దగ్గర ఉండగా అవి వచ్చాయి. మోకాళ్ల నొప్పులతో ఆయన ఎక్కువ నడవలేరు. "మ్యూజియమా, నాకెందుకులేమ్మా, మీరు వెళ్లిరండి" అన్నారు. ఎందుకలా అన్నారో నాకు తెలుసు. బానా వినిపిస్తారు అన్నాను. లేచి చొక్కా వేసుకున్నారు.

ఎండ తగ్గలేదు, రాళ్లు ఇంకా సెగలు కక్కుతున్నాయి. లోపలికి వెళ్తూనే తిండి వాసన. ఝాబువా భీలులు మొక్కజొన్న పిండి ముద్దల్ని ఆకుల మధ్య పెట్టి పిడకల మీద కాల్చి పప్పుతో ఇస్తున్నారు, పానియా అంటారు. ఇంకోచోట కోదో అన్నం, మన అరికెలే. ఇప్పపువ్వు లడ్డూలు కూడా ఉన్నాయి. నాన్న ఒక లడ్డూ నోట్లో వేసుకుని "ఇది మనదే" అన్నారు, అంతే.

చిత్రాల గది దగ్గర అసలు సంగతి జరిగింది. ఆ మ్యూజియంలో ప్రతి నెలా ఒక ఆదివాసీ కళాకారుడి బొమ్మలు ప్రదర్శనకూ అమ్మకానికీ పెడతారు. 'శలాక' అని ఆ ప్రదర్శన పేరు, గది పేరు లిఖందరా. పిఠోరా బొమ్మ వేసే భీల్ చిత్రకారుణ్ని లిఖందరా అంటారు. మేం వెళ్లిన నెలలో ఒక గోండు చిత్రకారిణి వంతు. గోడ మీద పెద్ద అక్షరాల్లో ఆమె పేరు, ఊరు. ఆ రోజు ఆమె కూడా పక్కనే ఒక కుర్చీలో కూర్చుని ఉంది. ఇక్కడ ఆమె పేరు రాయడానికి నేను ఆమెను అడగలేదు కాబట్టి రాయడం లేదు. కానీ నాన్న ఆ పేరును కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు పైకి చదివారు, ఊరి పేరుతో సహా. తర్వాత ఆమె వైపు తిరిగి "జై సేవా" అన్నారు.

ఆమె గబుక్కున లేచి నిలబడింది. "జై సేవా బాబూజీ, మీరు గోండులా?"

"కాదు తల్లీ. గోండు పిల్లలకు చదువు చెప్పినవాణ్ని" అన్నారు నాన్న, ఆయనకొచ్చిన హిందీలో.

ఇక వాళ్ల మాటలు ఆగలేదు. నాన్న గోండిలో మొదలుపెట్టారు. ఆమె సిగ్గుపడింది. ఇంట్లో పెద్దాయనకు వచ్చు గాని తమ తరానికి అంతా హిందీయేనంది. నాన్న బొమ్మల దగ్గరికి ఒక్కొక్కదానికీ వెళ్లి అడగసాగారు. ఒకదాంట్లో సెల్ టవరు, దాని చుట్టూ కూర్చోవడానికి చోటు దొరక్క ఎగురుతున్న పిట్టలు. ఇంకోదాంట్లో మాస్కులు వేసుకుని ఊరికి నడిచిపోతున్న కూలీలు, వాళ్లకు నీడ పడుతున్న నెమలి. మరోదాంట్లో సాజా చెట్టు, దాని మొదట్లో బానా. దగ్గరికెళ్లి చూస్తే బొమ్మల లోపలంతా సన్నటి గింజలు గింజలుగా నింపి ఉంది.

"ఇవేంటి దీదీ?" అని నేనడిగాను.

"కోదో గింజలు. అది నా గుర్తు. మా ఇంట్లో మా మరిది గొలుసుకట్టు వేస్తాడు, అత్తయ్య చేప పొలుసు వేస్తుంది. మాలో ఎవరి నింపుడు వాళ్లదే దీదీ. కింద సంతకం లేకపోయినా ఇది ఎవరి బొమ్మో మాకు తెలుస్తుంది" అంది.

నాన్న చప్పున నా వైపు చూశారు. ఏమీ అనలేదు. నాకు ఆ అద్దాల పెట్టె, దాని ముందు నిలబడ్డ పిల్లాడు గుర్తొచ్చారు. ఆయనకూ అవే గుర్తొచ్చి ఉంటాయి.

అక్కడే ఒకాయన, మంచి ఉద్యోగం చేసేవాడిలాగే ఉన్నాడు, ఒక బొమ్మ ధర సగానికి తగ్గించమని ఆమెతో బేరమాడుతున్నాడు. ఇలాంటివి నెట్‌లో ప్రింట్లు చౌకగా దొరుకుతాయన్నాడు. ఆమె మర్యాదగానే, తగ్గదని చెప్పింది. ఆ బొమ్మకు ఇరవై రోజులు పట్టిందని, కూతురి కాలేజీ ఫీజు ఇందులోంచే కడతానని చెప్పింది. నాకు చాలా కోపం వచ్చింది. ఆదివాసీ అనగానే ఉచితంగానో, ఉచితానికి దగ్గరగానో రావాలని ఎందుకనుకుంటారో! అదే మనిషి పెద్ద గ్యాలరీలో నోరెత్తేవాడా? ఇదే గోండు చిత్రకారుల్లో భజ్జూ శ్యామ్ లండన్‌లో ఒక రెస్టారెంటు గోడలకు బొమ్మలు వేయడానికి వెళ్లి, ఆ నగరాన్ని తన కళ్లతో చూసి గీశాడు. బిగ్ బెన్ గడియారం అతనికి కోడిపుంజులా కనిపించింది. రెండూ పొద్దు చెప్పేవే కదా. భూమిలోపల తిరిగే రైలు వానపాములా, గాల్లోకి లేచే విమానం ఏనుగులా కనిపించాయి. ఆ బొమ్మలు ప్రపంచమంతా చూసింది. 2018లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. ఇంత జరిగాక కూడా ఈ బేరాలు!

మేం సాజా చెట్టు బొమ్మ తీసుకున్నాం. చిన్నదే. నాన్న తన పెన్షన్ డబ్బులే ఇస్తానని పట్టుబట్టారు. వెనక పేరు, ఊరు, తేదీ రాయించుకున్నారు.

చీకటి పడ్డాక బయట వేదిక మీద మొదలైంది. ముందు డిండోరీ వైపు నుంచి వచ్చిన గుదుంబాజా బృందం. మెడలో డప్పులు వేసుకుని వాయిస్తూనే ఒకరి మీద ఒకరు ఎక్కి గోపురంలా నిలబడ్డారు. తర్వాత బైగాల పర్ఘౌనీ. పెళ్లివారికి ఎదురెళ్లే నాట్యం అది. మంచం, చేటలు, కంబళి కలిపి ఏనుగు కట్టి దాన్ని ఆడిస్తారు. ఆ ఏనుగు చేటల చెవులు ఊపుకుంటూ జనంలోకి వచ్చేసరికి మా అమ్మాయి పెద్దదైనా చిన్నపిల్లలా గంతులేసింది. ఆ ఆటలో కూడా తెల్లజుట్టు ముసలివాళ్ల పక్కనే జీన్స్ ప్యాంటు కుర్రాళ్లున్నారు. కొందరు చేతికి స్మార్ట్ వాచీ తీయకుండానే తుడుం కొట్టారు. నాకు అది బాగా నచ్చింది. వాళ్లు మన కోసం పాతకాలంలోకి వెళ్లి నిలబడాల్సిన అవసరం ఏముంది?

బానా చివర్లో వచ్చింది. వయసు మళ్లిన ఒక్క మనిషి, ఒక మైకు. ఆయన పేరు, ఊరు చెప్పి పరిచయం చేశారు. పాట ఏ మాండలికమో నాకు సగం కూడా అర్థం కాలేదు. నాన్న కళ్లు మూసుకున్నారు. కొంతసేపటికి వేళ్లతో మోకాలి మీద తాళం వేయడం మొదలుపెట్టారు. ఆ మధ్యలో ఒకచోట, గొంతు ఆపి వాయిద్యాన్నే మాట్లాడనిచ్చినప్పుడు, "ఇక్కడ మనవాళ్లూ ఇలాగే ఆపుతారు" అని నా చెవిలో అన్నారు. రెండు ఊళ్ల మధ్య ఎన్ని వందల కిలోమీటర్లు! ఢిల్లీ వెళ్లే మన రైళ్లు చాలా వరకు కాగజ్‌నగర్ దాటి, నాగపూర్ దాటి, ఆ భోపాల్ మీదుగానే పోతాయి. ఆ దారిలో ఎన్నిసార్లు ప్రయాణం చేశానో. ఈ రెండు చివర్లలో ఒకే పాట ఉందని ఆ రాత్రి వరకూ నాకు తట్టలేదు.

ఇంటికొస్తూ ఆటోలో నాన్న చాలా మాట్లాడారు. మన దగ్గరా గొప్పవాళ్లున్నారని, మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడీ నాట్యానికి పద్మశ్రీ వచ్చిందని, కోయ డోలు వాయించే సకిని రామచంద్రయ్య గారికీ వచ్చిందని చెప్పారు. నార్నూరు దగ్గర గుంజాల ఊళ్లో గోండి లిపి రాతప్రతులు బయటపడ్డాయని, ఆ లిపి ఇప్పుడు కంప్యూటర్లలోకి కూడా ఎక్కిందని చెప్పారు. "అన్నీ ఉన్నాయమ్మా. ఇలా ఒక సాయంత్రం కూర్చోబెట్టి, పేరుపెట్టి పిలిచి, కూలి సరిగ్గా ఇచ్చి వినే చోటే తక్కువ" అన్నారు. నేనూ అదే అంటాను. హైదరాబాద్‌లో ఎంత పెద్ద హాళ్లున్నాయి, ఎన్ని పండగలు చేస్తాం. నెలకో ప్రధాన్ కథకుణ్ని, నెలకో కోయ డోలు కళాకారుణ్ని, నాయకపోడు తెగ కొయ్య ముఖాలు చెక్కేవాళ్లను పిలిచి, టికెట్ పెట్టి వినడం మనకు కష్టమైన పనేమీ కాదు. ప్రారంభోత్సవాల్లో మంత్రిగారు వచ్చేదాకా ఎండలో గుస్సాడీలను ఆడించడం ఆపేసినా చాలా మేలు.

ఉట్నూరు వెళ్లాక నాన్న ఒక పని మొదలుపెట్టారు. నా పాత ఫోను తీసుకుని, తన పాత విద్యార్థి ఒకాయన బైకు వెనక కూర్చుని, ఓపిక ఉన్న రోజుల్లో గూడేలకు వెళ్లి ప్రధాన్ల పాటలు రికార్డు చేసేవారు. దీపావళికి గోండులు చేసుకునే దండారి రోజుల్లో కొన్ని, ఇళ్లల్లో జరిగే దేవుడి పనుల్లో కొన్ని. ఒక్కోటి గంటల తరబడి ఉంటుంది. నడుమ కుక్కలు మొరుగుతాయి, ఎవరో చాయ్ ఇస్తారు, పిల్లలు నవ్వుతారు. నాన్న పోయి రెండేళ్లు కావస్తోంది. ఆ ఫైళ్లన్నీ ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. గోండీ, మరాఠీ రెండూ వచ్చిన ఒక ప్రధాన్ కుర్రాడు, డిగ్రీ చదువుతున్నాడు, ఆదివారాలు ఫోన్‌లో నాకు మాట మాట చెబుతూ రాయిస్తున్నాడు. అతనికి గంటకింత అని ఇస్తున్నాను. ప్రతి రికార్డూ పాటతో మొదలు కాదు. మొదట నాన్న గొంతు వినిపిస్తుంది: "నీ పేరు చెప్పు. మీ నాన్న పేరు చెప్పు. ఏ ఊరు? ఈ కిక్రి ఎవరు చేశారు?"

దానికి వాళ్లు తాపీగా, ఒక్కొక్కరూ, జవాబు చెబుతారు. కొందరు కిక్రి చేసినవాడి తాత పేరు కూడా చెబుతారు. అవి కూడా రాసుకుంటున్నాం.